మోకాలి లోతు సముద్రం

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగిన జనాన్ని కాసేపు గమనిస్తే, అంతమందిలో ఈదుతున్న మనిషి దాదాపు కనిపించడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన నాన్నలు, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న అమ్మలు, ఒక చేత్తో మనవడిని, మరో చేత్తో చెప్పుల్ని పట్టుకున్న తాతలు, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతున్న కాలేజీ పిల్లలు. కెరటం వస్తే గెంతుతారు, వెళ్లిపోతే నవ్వుతారు, ఇంకో రెండడుగులు లోపలికి వేస్తారు. తెలుగువాళ్లలో ఎక్కువమంది సముద్రానికి వెళ్లేది తడవడానికి, ఆ పైన పర్వదినాల్లో పుణ్యస్నానానికి.

అందుకే ఒడ్డున 'ఇక్కడ ఈత కొట్టరాదు' అని బోర్డు పెట్టినా అది ఎవరినీ ఆపదు. ఈత కొట్టడానికి వచ్చిందెవరు గనక? కాళ్లు తడుపుకుని పోదామని వచ్చిన కుటుంబం ఆ బోర్డు చదివి, అది తమకు చెప్పింది కాదనుకుని, దాని పక్కనుంచే నీళ్లలోకి నడుస్తుంది. సముద్రం దగ్గర ఎలా మెలగాలో చెప్పే పుస్తకాలూ ప్రచారాలూ చాలామటుకు ఈతగాళ్లను మనసులో పెట్టుకుని తయారైనవే. మన తీరానికి కావలసినవి మోకాలి లోతులో నిలబడ్డవాడికి పనికొచ్చే జాగ్రత్తలు.

2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో జరిగింది ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది. పరీక్షలు రాసి సరదాగా బీచ్‌కు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థుల బృందంలో పలువురిని కెరటాలు లాక్కుపోయాయి. తీరం వెంట ఏటా వార్తల్లోకెక్కే దుర్ఘటనలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అందరూ కలిసి దిగుతారు, ఒకరు జారతారు, పట్టుకోబోయిన రెండోవాడు కూడా కొట్టుకుపోతాడు.

నీళ్లు మోకాళ్ల దాకానే కదా అనే ధీమా ఎక్కడ తప్పుతుందో చూద్దాం. ఒక ఘనమీటరు ఉప్పునీరు వెయ్యి కిలోల పైచిలుకు బరువు తూగుతుంది. అంత బరువు కదిలి వచ్చి పిక్కల్ని తాకితే నిలదొక్కుకోవడం పహిల్వానుకైనా కష్టమే. వచ్చే కెరటం కన్నా తిరిగిపోయే కెరటంతో చిక్కు ఎక్కువ. అది కాళ్లను లాగుతూనే అరికాళ్ల కింది ఇసుకను తోడేస్తుంది. విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది కాబట్టి నాలుగడుగులు జారితే మోకాలి లోతు నడుం లోతవుతుంది. తడిసిన జీన్స్ ప్యాంటో, ఒంటికి చుట్టుకున్న చీరో ఉంటే పడ్డ మనిషి లేవడానికి సమయం పడుతుంది. ఆలోగా రెండో కెరటం రానే వస్తుంది.

అసలు ప్రమాదం మాత్రం ఇంకొకటి ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని రిప్ కరెంట్ అంటారు, ఇప్పుడు మన పేపర్లూ అలాగే రాస్తున్నాయి. కెరటాలు ఒడ్డు మీదకు తోసిన నీరంతా ఏదో ఒక దారిన తిరిగి లోపలికి పోవాలి. ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక తిన్నెలుంటాయి. వాటి మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడికి ఆ నీరు చేరుతుంది, పెళ్లి భోజనాలు ముగిశాక పందిట్లోని జనమంతా ఒకే గుమ్మంలోంచి బయటపడినట్టు. అక్కడ నీటి వేగం మామూలుగా సెకనుకు అర మీటరు దాకా ఉంటుంది. కొన్నిసార్లు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు పోటీలో కొద్దిసేపు మాత్రమే చూపించగల వేగమది. ఆ నీటికి ఎదురీది ఒడ్డుకు చేరదామనుకునేవాడు ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు.

దీని మాయంతా చూపులో ఉంది. రిప్ ఉన్న చోట నీరు లోతుగా ఉంటుంది గనక కెరటాలు అక్కడ విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ పొంగుతుంటే మధ్యలో కొంత మేర నీరు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. పిల్లలతో వచ్చినవాళ్లు వెతుక్కునేది సరిగ్గా అలాంటి చోటునే. 'ఇక్కడ కెరటాలు లేవు, ఇక్కడ దిగుదాం' అని అమ్మ అనే చోటు తీరం మొత్తంలో దిగకూడని చోటు కావచ్చు. నురగ, చెత్త, నాచు ఒడ్డుకు రాకుండా లోపలికి సాగిపోతుంటే అది ఇంకో గుర్తు. ఆస్ట్రేలియాలో రాబ్ బ్రాండర్ అనే తీర శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఊదారంగు కలిపిన నీటిని ఇలాంటి చోట్ల పోసి జనానికి చూపిస్తూ వచ్చాడు. రంగు నిమిషాల్లో పొడవాటి చారగా సముద్రంలోకి సాగిపోతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు నోరు వెళ్లబెట్టి చూసేవారు.

విశాఖకు ఈ శాస్త్రం కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి బీచ్‌లలో రిప్ కరెంట్లను గమనించి, మన దేశంలో వాటివల్ల జరిగే మరణాల మీద, ప్రమాదాన్ని ముందే అంచనా వేసే పద్ధతి మీద 2014లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. యూనివర్సిటీ నుంచి బీచ్‌కు నడిచి వెళ్లొచ్చు. అయినా అక్కడ తెలిసిన సంగతి ఒడ్డున బఠాణీలు కొనుక్కు తినే మనిషిదాకా రావడానికి ఇంత కాలం పడుతోంది.

రిప్‌లో చిక్కితే ఏం చెయ్యాలి? మొదట తెలియాల్సింది, అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది, అంతే. చంపేది భయమూ, అలసటా. 2010 ప్రాంతంలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ తీరాల్లో శాస్త్రజ్ఞులు జీపీఎస్ అమర్చిన తేలుడు పరికరాలను రిప్‌లలోకి వదిలి చూశారు. సముద్రంలోకి కొట్టుకుపోతాయనుకున్న వాటిలో ఎక్కువ భాగం గుండ్రంగా తిరిగి, కొద్ది నిమిషాల్లో మళ్లీ లోతు తక్కువున్న తిన్నెల మీదికే వచ్చాయి. కాబట్టి ఇప్పుడు ముందుగా చెప్పే మాట ఇది: వెల్లకిలా తేలు, ఊపిరి కుదుటపరుచుకో, చెయ్యెత్తి ఊపు. ఒంట్లో శక్తి ఉంటే ఒడ్డుకు ఎదురుగా కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. తెల్లగా కెరటాలు విరిగే చోటు చేరాక ఆ కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఈత బొత్తిగా రానివాడికి తేలడం కూడా రాదు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఈత నేర్చుకునే తీరిక లేనివాళ్లు కూడా వెల్లకిలా తేలడం ఒక్కటైనా స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకోవడం మంచిది. అది కొద్ది రోజుల పని.

మన పంచాంగానికీ సముద్రానికీ ఒక విచిత్రమైన సంబంధం ఉంది. సముద్ర స్నానాలకు మనం ఎంచుకునే రోజులు చాలావరకు పౌర్ణమి, అమావాస్యలే. కార్తీక పౌర్ణమికి బాపట్ల సూర్యలంక కిక్కిరిసిపోతుంది. మాఘ పౌర్ణమికి ఉత్తరాంధ్ర తీరమంతా జాతర. ఆటుపోట్ల తేడా నెల మొత్తంలో ఎక్కువగా ఉండేది కూడా ఆ రోజుల చుట్టూనే. విశాఖ దగ్గర ఆ తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. నీరు తీసే వేళకు చాలా తీరాల్లో రిప్‌లు బలపడతాయి. అంటే జనం అత్యధికంగా ఉండే రోజే సముద్రపు లాగుడు కూడా పెరిగే రోజన్నమాట. సింహాచలం గిరి ప్రదక్షిణ సంగతి చూడండి. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు నడిచే భక్తుల్లో చాలామంది దారిలో అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం చేస్తారు. నైరుతి రుతుపవనాలు ఉధృతంగా ఉండి కెరటాలు ఎత్తుగా వచ్చే కాలమది, పైగా రాత్రంతా నడిచిన కాళ్లు. స్నానం మానమని చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒడ్డున కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకుంటే పుణ్యం తగ్గుతుందని ఏ శాస్త్రమూ చెప్పినట్టు లేదు.

గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, కాబట్టి సముద్రం కూడా శాంతంగానే ఉంటుందనుకోవడం మరో పొరపాటు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపాను రేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి కొన్ని రోజుల తర్వాత మన ఒడ్డుకు చేరతాయి. వాటి మధ్య వ్యవధి ఎక్కువ. పది, పదిహేను సెకన్లు, ఆ పైన కూడా. పైకి పెద్దగా కనిపించని ఆ కెరటం ఒడ్డుకు వచ్చేసరికి లేచి, ఊహించనంత దూరం పైకి పాకుతుంది. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో అయిదుగురు యువ వైద్య విద్యార్థులు అలాంటి రోజునే చనిపోయారు. వారిలో ఒకరు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. ఆ ఉప్పెన అలల గురించి హెచ్చరిక ముందే వెలువడింది.

ఆ హెచ్చరికలు వెలువరించే సంస్థ తెలుగు నేల మీదే, అదీ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. దాని పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, వాడుకలో ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలతో పాటు పెద్ద అలలు, ఉప్పెన అలలు ఏ జిల్లా తీరాన్ని ఎప్పుడు తాకవచ్చో కూడా ఇది చెబుతుంది. మత్స్యకారులు ఈ సమాచారం చూసుకుని వేటకు వెళతారు. విహారానికి బయలుదేరేవాళ్లు హోటల్ గది, భోజనం, దారిలో చూడాల్సిన గుళ్లు అన్నీ ఫోన్‌లో వెతుకుతారు గానీ ఆ రోజు సముద్రం ఎలా ఉందో వెతకరు.

పోయినసారి ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు అనే మాటకు కూడా సముద్రం దగ్గర విలువ లేదు. బంగాళాఖాతపు ఒడ్డున ఇసుక ఏడాదంతా కదులుతూ ఉంటుంది. వేసవి, వానాకాలాల్లో ఉత్తరానికి, చలికాలంలో దక్షిణానికి. విశాఖలో దానికి తోడు 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఉత్తరంగా వచ్చే ఇసుకను అడ్డుకుంటాయి. అందుకే ఆర్కే బీచ్ కోతకు గురవుతుంటుంది, హార్బర్ దగ్గర తవ్వితీసిన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. జనవరిలో మెట్టగా ఉన్న చోటు జూలైకి గుంత కావచ్చు. రాళ్ల పక్కన, గోడల పక్కన మాత్రం లాగుడు ఎప్పుడూ ఉండేదే. తెన్నేటి పార్కు దిగువన, యారాడలో కొండ సముద్రాన్ని తాకే చోట రాళ్ల మీదికెక్కి ఫొటోలు దిగేవాళ్లకు రెండు గండాలు. నాచుకు కాలు జారడం ఒకటి, పడ్డాక రాళ్లకు కొట్టుకోవడం రెండోది. నదీ సంగమాలు ఇంకో రకం. భీమిలి దగ్గర గోస్తనీ, అంతర్వేదిలో గోదావరి పాయ, హంసలదీవి దగ్గర కృష్ణా సముద్రంలో కలిసే చోట్ల ఆటు సమయంలో నది నీరూ సముద్రపు నీరూ కలిసి లోపలికి తోసుకుపోతాయి. వరద తర్వాత అక్కడి మెట్టాపల్లాలు ఎలా మారాయో స్థానిక బెస్తలకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

స్థానికుల మాట వచ్చింది కాబట్టి పూరీ వెళ్లాలి. జగన్నాథుడి దర్శనానికి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడి బీచ్‌లో తెలుగు మాటలు విని ఆశ్చర్యపోతుంటారు. ఆ ఊళ్లో పెంటకోట అనే పెద్ద మత్స్యకార బస్తీ ఉంది. తరాల కిందట ఆంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలవి. వాళ్లను అక్కడ నోలియాలంటారు. చేపల వేటతో పాటు యాత్రికులను సముద్ర స్నానం చేయించడం వాళ్లలో కొందరి వృత్తి. కోసుగా ఉండే తెల్లటోపీ పెట్టుకున్న నోలియా యాత్రికుడి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిపిస్తాడు, కెరటం వచ్చే క్షణానికి గెంతిస్తాడు లేదా ముంచి లేపుతాడు, మళ్లీ ఒడ్డున దింపుతాడు. బ్రిటిష్ కాలపు దొరలు, కలకత్తా బాబులు వాళ్ల చెయ్యి పట్టుకునే అక్కడ మునిగి లేచారు. లైఫ్ గార్డు అన్న మాట మన దేశంలో ఎవరూ వినని రోజుల్లోనే ఈదడం రాని యాత్రికుడి కోసం పుట్టిన ఏర్పాటది. మనకు కావలసిందీ సరిగ్గా అదే. పూరీలో తెలుగు మత్స్యకారులు పోషించిన ఆ పాత్ర తెలుగు తీరంలో వృత్తిగా నిలదొక్కుకోకపోవడం వింతే. ఇక్కడ ఎవరైనా గల్లంతైతే ముందు పరుగెత్తుకొచ్చేది జాలరిపేటల గజ ఈతగాళ్లే. అయితే వాళ్లు పిలుపు అందాక వస్తారు. నోలియా ముందునుంచే చెయ్యి పట్టుకుని ఉంటాడు.

గోవా 2008లో తీరం వెంట శిక్షణ పొందిన లైఫ్ గార్డులను పెద్ద ఎత్తున నియమించింది. విశాఖలోనూ ముఖ్యమైన బీచ్‌లలో లైఫ్ గార్డులున్నారు. సమస్య వాళ్ల సంఖ్య ఒక్కటే కాదు. విజిల్ వేసి 'వెనక్కి రండి' అన్న లైఫ్ గార్డుతో వాదానికి దిగడం మన బీచ్‌లలో మామూలే. జెండాల సంగతి చాలామందికి తెలియదు. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యన దిగొచ్చు, అక్కడ లైఫ్ గార్డు చూపుంటుంది. పసుపు జెండా ఉంటే జాగ్రత్త. ఎర్రజెండా ఉంటే పాదం కూడా పెట్టకూడదు. విశాఖ శివారు రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 1980లలో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ గుర్తింపునకు నీటి శుభ్రతతో పాటు లైఫ్ గార్డులు లేదా ప్రాణరక్షణ సామగ్రి, ప్రథమ చికిత్స కూడా ఉండాలి. అయితే అది ఆ తీరంలో గుర్తించిన కొంత మేరకే వర్తిస్తుంది. అక్కణ్నుంచి అర కిలోమీటరు నడిచి నిర్మానుష్యంగా ఉన్న చోట దిగి, రుషికొండలోనే కదా ఉన్నాం అనుకుంటే లాభం లేదు.

నీటి ఆటలకు కూడా విశాఖవాసులకు రుషికొండే అడ్డా. జెట్ స్కీలు, స్పీడ్ బోట్లు, కయాక్‌లు, స్కూబా, సర్ఫింగ్ అన్నీ అక్కడ దొరుకుతాయి. వీటి దగ్గర లైఫ్ జాకెట్ ఇస్తారు, మనం వేసుకుంటాం, ఫొటో దిగుతాం. ఆ జాకెట్ సరిపోయిందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. అన్ని బకిల్స్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనాలి. జాకెట్ చెవుల దాకా లేచొస్తే నీళ్లలో కూడా అంతే, జాకెట్ తేలుతుంది, మనిషి కిందికి జారతాడు. లోపలి లేబుల్ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లు ప్రశాంతమైన నీటిలో వాడుకునేది. ఈత రానివారికి 100 గానీ ఆ పైన గానీ ఉన్నది కావాలి. అలాంటిది మనిషి ముఖం నీటిపైకి తిరిగేలా తేలుస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు లైఫ్ జాకెట్ల విషయం రాష్ట్రమంతా చర్చకు వచ్చింది. బోటెక్కేటప్పుడు తొడుక్కుని, ఉక్కగా ఉందని మధ్యలో విప్పి సీటు కింద పెట్టే అలవాటు ఆ తర్వాత కూడా పూర్తిగా పోలేదు.

జెట్ స్కీ నడపడం మోటార్ సైకిల్ నడపడం లాంటిదని చాలామంది అనుకుంటారు. పెద్ద తేడా ఉంది. జెట్ స్కీల్లో చాలావాటికి బ్రేకులుండవు, పైగా వెనకనుంచి చిమ్మే నీటిధారతోనే బండి తిరుగుతుంది. ఎదురుగా మనిషో పడవో కనిపించగానే భయంతో యాక్సిలరేటర్ వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. పక్కకు తిప్పాలంటే ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. నడిపేవాడి చేతికో జాకెట్‌కో తగిలించే చిన్న తాడు ఒకటుంటుంది. అతను నీళ్లలో పడితే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. ఆ తాడు హ్యాండిల్‌కే చుట్టి ఉన్న బండి ఎక్కకపోవడం మేలు. బోటు వెనక కట్టి లాగే బనానా రైడ్‌లో చివర బోటువాడు కావాలనే పక్కకు తిప్పి అందరినీ నీళ్లలో పడేస్తాడు, అదో సరదా. ఈత రానివాళ్లు, గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు ఎక్కకముందే ఆ సంగతి అడగాలి. 'పడేయొద్దు' అంటే పడేయరు.

ఒడ్డుకు దగ్గరగా ఉన్న బోటు క్షేమమనుకోవడం కూడా పొరపాటే. 2025 మేలో పూరీ దగ్గర పర్యాటకుల స్పీడ్ బోటు ఒకటి కెరటాల తాకిడికి తిరగబడింది. అదృష్టం కొద్దీ అందరూ బయటపడ్డారు. ఆ తిరగబడడం జరిగింది ఒడ్డున జనం చూస్తుండగానే. కెరటాలు విరిగేది ఒడ్డుకు దగ్గర్లోనే కాబట్టి బోటుకు కష్టకాలం బయలుదేరేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు. పారాసెయిలింగ్‌కు గాలే ప్రాణం, గాలే గండం. మబ్బు కమ్ముతున్నప్పుడు, గాలి తెరలు తెరలుగా వీస్తున్నప్పుడు డబ్బు పోయినా సరే ఎక్కకూడదు. గోవాలో వానాకాలం నెలల్లో ఈ ఆటలన్నీ కట్టేస్తారు. మన తూర్పు తీరానికి నైరుతి కాలంతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల బెడద అదనం. నిశ్చింతగా ఆడుకోవడానికి జనవరి నుంచి మార్చి దాకా ఉన్న నెలలు మెరుగు.

స్కూబా గురించి భయాలు ఎక్కువ గానీ, ఓర్పున్న శిక్షకుడి వెంట మొదటిసారి దిగేవాళ్లకు అది జెట్ స్కీ కన్నా నెమ్మదైన వ్యవహారమే. మొదటిసారివాళ్లను సాధారణంగా 12 మీటర్ల లోతు దాటనివ్వరు. ఒక్క నియమం మాత్రం మరవకూడదు. నీళ్లలో ఊపిరి బిగపట్టకూడదు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో నింపుకున్న గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. అది బయటకు పోయే దారి లేకపోతే ఊపిరితిత్తి చిట్లుతుంది. ఇంకో విషయం, స్కూబాకు వెళ్లిన రోజే సాయంత్రం విమానానికి హైదరాబాద్ టికెట్ పెట్టుకోకూడదు. ఒక్కసారి దిగినా కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలంటారు. సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకైతే కాలికి కట్టే తాడే ప్రాణం. పడ్డాక బోర్డును వదలకుండా పట్టుకుంటే అదే తెప్ప.

జెల్లీ ఫిష్ కుడితే ఇసుకతో రుద్దడం, మంచినీళ్లతో కడగడం చేస్తుంటారు. రెండూ మంటను పెంచేవే. సముద్రపు నీటితోనే కడిగి, అతుక్కున్న తీగలను చేతికి గుడ్డ చుట్టుకుని తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే చాలావాటికి ఉపశమనం దొరుకుతుంది. ఆయాసం వచ్చినా, ముఖం ఉబ్బినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులూపి 'కాపాడండి' అని అరుస్తారు. నిజంగా మునిగేవాళ్లు అరవరు. అరవాలంటే ముందు ఊపిరి కావాలి. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి వచ్చి, చేతులు పక్కలకు చాచి నీటిని నొక్కుతూ, నిచ్చెన ఎక్కుతున్నట్టు నిలువుగా ఉంటారు. ఇదంతా అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. పక్కనే ఉన్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. అందుకే పిల్లల్ని 'ఒడ్డునుంచి చూస్తున్నాంలే' అనుకోవడం చాలదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దమనిషి, ఫోన్ జేబులో పెట్టి, సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడాలి. మందు తాగినవాళ్లను ఆ పనికి పెట్టకూడదు, అసలు నీళ్లలోకే రానివ్వకూడదు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకడం సహజం. అన్నదమ్ములు, స్నేహితులు ఒకరి వెనక ఒకరు పోయేది అందుకే. తేలేది ఏదైనా విసరడం ఎన్నో రెట్లు మేలు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్ ఒక మనిషిని సుఖంగా తేలుస్తుంది, బీచ్ రోడ్డు మీద ప్రతి టీ బండి దగ్గరా ఒకటి ఉంటుంది. ఒకరు అతని మీదినుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ నిలబడాలి. కెరటాల మధ్య తల ఒకసారి కనుమరుగైతే మళ్లీ పట్టుకోవడం కష్టం. ఇంకొకరు లైఫ్ గార్డును పిలవాలి, 112కు ఫోన్ చెయ్యాలి. కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093.

ఒడ్డుకు తెచ్చాక మనవాళ్లు మొట్టమొదట చేసేది పడుకోబెట్టి పొట్ట నొక్కడం, లేదా భుజాన వేసుకుని తిప్పడం. కడుపులోని నీళ్లు కక్కిస్తే బతుకుతాడనే నమ్మకం ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. మునిగిన మనిషికి లేనిది గాలి. పొట్ట నొక్కితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం, దాంతో పాటు విలువైన నిమిషాలు పోవడం తప్ప మరేమీ జరగదు. స్పృహ లేక, ఊపిరి లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందు గాలి ఊదాలి. గుండెపోటుతో పడిపోయినవాడికీ మునిగినవాడికీ ఉన్న తేడా ఇక్కడే. మునిగినవాడికి ఛాతీ నొక్కడం ఒక్కటే సరిపోదు. ఆ తర్వాత ఛాతీ మధ్యలో ముప్పైసార్లు గట్టిగా, వేగంగా నొక్కడం, రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఆపకుండా ఇదే వరుస. ఊపిరి ఆడుతూ స్పృహ లేకుండా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చుని 'నాకేం కాలేదు, ఇంటికి పోదాం' అన్నవాణ్ని కూడా, దగ్గు వస్తున్నా, ఆయాసంగా ఉన్నా, కాసేపు స్పృహ తప్పి ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్దిపాటి ఉప్పునీరు కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి అందకుండా చేయగలదు. అందుకే డాక్టర్లు అలాంటివాళ్లను ఆరు నుంచి ఎనిమిది గంటలు కళ్లెదుట ఉంచుకున్నాకే పంపిస్తారు.